ధర వేఱు, విలువ వేఱు

"పువ్వు పుట్టగనే పరిమళించును" అను సామెత విననివారు మనలో నుండరు. పూల విషయమున అది సత్యమే కావచ్చును. హాకీ కఱ్ఱ పట్టిన పిల్లల విషయమున మాత్రము ఆ సామెత చేసినంత చెఱుపు మఱి యే మాటయు చేయలేదని మా నిశ్చితాభిప్రాయము. పదునాలుగేండ్ల బాలుని ఒక్క పూట చూచి, "వీడు పైకి వచ్చును, వీడు రాడు" అని తీర్పు చెప్పువారు ప్రతి మైదానపు గట్టునను గలరు. వారిలో కొందఱు సెలెక్టరులు, కొందఱు శిక్షకులు, పెక్కుమంది మావంటి ప్రేక్షకులు, అందఱికంటె కఠినులు కన్నవారు. ఈ తీర్పులు మాటలతో ముగియుట లేదు. వాని వెంట బాలుని కఱ్ఱ అటుక మీదికి పోవుచున్నది. ఉదయపు సాధన ట్యూషనుగా మాఱుచున్నది. ఆ బిడ్డ ఏమి కాగలిగియుండునో యెవరికిని తెలియకయే పోవుచున్నది.

సాంస్కృతిక వ్యాసముల సంపుటమున ఆటలకేమి పని యని కొందఱు పెద్దలు అడుగవచ్చును. తన బిడ్డను ఏ కొలతతో కొలుచునో, దానిని బట్టియే ఒక సమాజము యొక్క సంస్కారము తెలియునని మేము వారికి మనవి చేయుచున్నాము. పరభాషా రాష్ట్రములలో రెండు మూడు తరములుగా స్థిరపడిన మనకు ఈ ప్రశ్న మఱింత దగ్గఱిది. మనలను ఇతరులు తొందరపడి కొలిచినప్పుడు మనము నొచ్చుకొందుము. అదే తొందర కొలతను మన పిల్లలకు మనమే వాడుచున్నాము.

మేము హాకీ ఆడి పేరు పొందినవారము కాము. మైదానపు మెట్ల మీద కూర్చుండి సంవత్సరములు గడపినవారము. అభిమానికి అధికారము లేదు గాని జ్ఞాపకము గలదు. ఆ జ్ఞాపకమే మాచేత ఈ మాటలు వ్రాయించుచున్నది.

2024 అక్టోబరు మాసమున ఢిల్లీలో హాకీ ఇండియా లీగుకు వేలముపాట జరిగినది. 2013 నుండి 2017 వరకు నడచి ఆగిపోయిన ఆ లీగును మరల ప్రారంభించుటకై జరిపిన పాట అది. పురుషుల జట్టొక్కొక్కటి 4 కోట్ల రూపాయలు, స్త్రీల జట్టొక్కొక్కటి 2 కోట్లు వెచ్చింపవచ్చునని నియమము పెట్టిరి. ఆటగాండ్రను 10 లక్షలు, 5 లక్షలు, 2 లక్షలు అను మూడు ప్రారంభ ధరలుగా విభజించిరి. హర్మన్‌ప్రీత్ సింగ్‌కు 78 లక్షలు పలికినది. అభిషేక్‌కు 72 లక్షలు, హార్దిక్ సింగ్‌కు 70 లక్షలు, అర్జెంటీనాలో పుట్టి జర్మనీ పక్షమున ఆడిన గొంజాలో పెయ్యాకు 68 లక్షలు పలికినవి. స్త్రీలలో ఉదితకు 32 లక్షలు వచ్చినవి. హాకీ ఆటగానికి ఇంత ధనము లభించుట చూచి మేమును సంతోషించితిమి. విఱిగిన కఱ్ఱలకు త్రాడు చుట్టి ఆడిన తరమును ఎఱిగినవారెవ్వరును ఈ ధనమును నిందింపలేరు.

మా కలహము ధనముతో కాదు. ఆ ధనమునే కొలతగా తీసికొను బుద్ధితో. ఆ వేలము జరిగిన నాటినుండి పిల్లలు సైతము ఆటగానిని పేరుతో గాక ధరతో పిలుచుట మేము వినుచున్నాము. "డెబ్బదెనిమిది లక్షలవాడు ఎట్లు కొట్టెనో చూచితివా?" అని ఒకడు, "రెండు లక్షలవానికి బంతి ఏల ఇచ్చిరి?" అని మఱియొకడు. పెద్దలు వారిని దిద్దుటకు బదులు నవ్వి తల యూపుచున్నారు.

వేలముపాట దేనిని కొలుచునో కొంచెము ఆలోచింతము. పాడువాని సంచిలో మిగిలిన సొమ్మును కొలుచును. ఆ క్షణమున అతనికి గల అవసరమును కొలుచును. ప్రక్కవాని పంతమును కొలుచును. ఒకే ఆటగాడు ఉదయము పాటకు వచ్చిన ఒక ధర, సంచులు ఖాళీయైన సాయంకాలము వచ్చిన మఱియొక ధర పలుకును. ఆతని ఆటలో ఆ నాలుగు గంటలలో వచ్చిన మార్పేమి? పశువుల సంతకు పోయిన మన తాతలు ఇంతకంటె తెలివిగలవారు. వారు కొమ్ములకు పూసిన రంగును చూచి మురియక, పండ్లు చూచి, సుళ్ళు చూచి, అంతటితో తృప్తిపడక, కాడి కట్టి నాలుగు చాళ్ళు దున్నించిన పిమ్మటనే బేరము ముగించెడివారు. కాడి కట్టక ఎద్దును కొనని జాతి మనది. అట్టి మనము బిడ్డను మాత్రము కొమ్ముల రంగు చూచి తూచవచ్చునా?

ఈ ధరలలో ఒక వరుస గలదు. పెనాల్టీ కార్నరును గోలుగా మార్చువానికి ధర పెరుగును. అది అన్యాయమని మేమనము. అయితే ఆ కార్నరు ఎట్లు గోలగునో చూడుడు. వెనుకగీత మీద, గోలుస్తంభమునకు 10 మీటర్ల దూరమున నిలిచి ఒకడు బంతిని లోపలికి త్రోయును. వలయము వెలుపల మఱియొకడు దానిని కఱ్ఱతో నిశ్చలముగా ఆపును. మూడవవాడు దానిని ఈడ్చి విసరును. దీనినే డ్రాగ్ ఫ్లిక్ అందురు. త్రోసినవాడు జానెడు తప్పినను, ఆపినవాని కఱ్ఱ మీద బంతి వ్రేలెడు ఎగిరినను, విసరువాని విద్య యంతయు వ్యర్థము. అసలు ఆ కార్నరు లభించుటకు ముందు ఎవడో ఒకడు ప్రక్క నుండి దూసికొనివచ్చి ప్రత్యర్థి పాదమునకు బంతి తగులునట్లు చేసియుండును. లెక్కలో వ్రాయు పేరు ఒక్కటే. ఆ పేరు వెనుక కనీసము నలుగురు గలరు.

ఎదుటి వైపునకు రండు. కార్నరును అడ్డుటకు గోల్‌కీపరుతో కలిసి అయిదుగురే గీత వెనుక నుందురు. బంతి కదలిన మఱుక్షణమున వారిలో ఒకడు నేరుగా విసరువాని మీదికి పరుగెత్తవలెను. గంటకు నూఱు కిలోమీటర్లకు పైబడిన వేగమున వచ్చు బంతికి ఎదురుగా, మోకాలి కవచమును ముఖపు తొడుగును ధరించి, తన దేహమునే తలుపుగా చేసి పరుగెత్తుట ఆతని పని. భారత జట్టున అనేక సంవత్సరములు ఈ పని చేసినవాడు ఒడిశాలోని సుందర్‌గఢ్ జిల్లా, సౌనామారా గ్రామవాసి అమిత్ రోహిదాస్. ఆతడు పరుగెత్తుటచే ఆగిపోయిన గోళ్ళను ఏ పట్టికలో వెదకుదుము? కాని గోలు లెక్కకెక్కును. కాకుండ పోయిన గోలు లెక్కకెక్కదు. బాలుర పోటీలలో బహుమతులు కొట్టిన గోళ్ళను లెక్కించియే ఇచ్చుచుండ, రేపు అమిత్ వలె పరుగెత్తగల బాలుని ఎవరు గుర్తింతురు?

2024 ఆగస్టు 4వ తేదీన పారిస్ ఒలింపిక్ క్వార్టరు ఫైనలు చూచినవారు మా మాటను సులభముగా గ్రహింతురు. బ్రిటనుతో ఆటలో 17వ నిమిషమున అమిత్‌కు ఎఱ్ఱ కార్డు చూపి పంపివేసిరి. మిగిలిన నలుబది నిమిషములకు పైగా భారత జట్టు పదుగురితోనే ఆడెను. హర్మన్‌ప్రీత్ ఒక గోలు కొట్టెను. బ్రిటను ఒకటి కొట్టెను. ఆట 1-1గా ముగిసి షూటౌటులో మనవారు 4-2తో గెలిచిరి. ఆ పోటీలన్నిటిలో 10 గోళ్ళు కొట్టి హర్మన్‌ప్రీత్ అందఱికంటె ముందు నిలిచెను. ఆ కీర్తి ఆతనికి న్యాయముగా చెందవలసినదే. కాని ఆ నలుబది నిమిషములలో ఒకని ఖాళీని తలకొంచెముగా పంచుకొని, ముందుకు పోవలసినవాడు వెనుకకు వచ్చి, వెనుక నున్నవాడు ఇద్దఱిని కాచి నిలిపిన ఆ విలువకు పట్టికలో గడి లేదు. గోలు ముందు నిలిచిన శ్రీజేష్ చేతులలో అది కొంత కనబడినది. తక్కినది చూడ నేర్చిన కంటికి మాత్రమే కనబడును.

అంతకు మూడేండ్ల ముందు, 2021 ఆగస్టు 5వ తేదీన, టోక్యోలో కాంస్య పతకము కొఱకు జర్మనీతో జరిగిన ఆటను మరువగలమా? 1-3తో వెనుకబడిన భారత జట్టు 5-4తో గెలిచి, 1980 తరువాత మొదటి ఒలింపిక్ హాకీ పతకమును తెచ్చినది. ఆ అయిదు గోళ్ళలో రెండు సిమ్రన్‌జీత్ సింగ్‌వి. ఈ సిమ్రన్‌జీత్ ఎవరు? మొదట ప్రకటించిన పదునాఱుగురిలో లేనివాడు! అవసరమైన పక్షమున పిలువవచ్చునని అదనముగా పేరు వ్రాసికొన్నవారిలో ఒకడు. కరోనా మహమ్మారి కారణమున నియమము సడలించి, అట్టివారిని గూడ ఆడింపవచ్చునని అనుమతి యిచ్చుటచేతనే ఆతడు మైదానమున దిగగలిగెను. నియమము సడలకున్న యెడల ఆ రెండు గోళ్ళు కొట్టవలసినవాడు గట్టు మీద కూర్చుండియుండును. మనము "ఆతడు పదునాఱుగురిలో చేరదగినవాడు కాడు" అని నేటికిని నమ్మియుందుము. ఆట చివరి క్షణములలో జర్మనీకి దొరికిన పెనాల్టీ కార్నరును శ్రీజేష్ ఆపెను. అయిదు గోళ్ళ విలువయు ఆ ఒక్క ఆపుడులో నిలిచియుండెను. ఐనను 2024 వేలమున ఐర్లండ్ దేశపు పేరెన్నికగన్న గోల్‌కీపరు డేవిడ్ హార్ట్‌కు పలికినది 32 లక్షలే. అగ్ర ధరలో సగము కంటె తక్కువ.

గోల్‌కీపరుల మాట వచ్చినది గావున మన తెలుగు బిడ్డ ఎతిమరపు రజనిని స్మరింపకుండ ముందునకు పోజాలము. చిత్తూరు సీమలోని పల్లె నుండి బయలుదేఱి భారత జట్టు గోలు కాచిన వనిత ఆమె. అదే టోక్యో పోటీలకు స్త్రీల జట్టున మొదట పదునాఱుగురిని ప్రకటించినపుడు గోల్‌కీపరు స్థానము ఒక్కటే యుండెను; అది సవితకు దక్కినది. రజని అదనపు క్రీడాకారిణి అయినది. సవిత ఆ స్థానమునకు తగినదే. ఆస్ట్రేలియాపై 1-0తో గెలిచిన ఆటలో ఆమె గోడవలె నిలిచినది. మేము చెప్పునది వేఱు. ముందు వరుసలో ఆడువారికి చోట్లు అనేకము, గోల్‌కీపరునకు ఒక్కటి. అట్టి చోట రెండవదిగా నిలిచియు, ప్రతి ఉదయమును మొదటిదానితో సమానముగా సాధన చేయు మనిషి విలువను "ఆడిన ఆటలెన్ని?" అను ప్రశ్నతో కొలుచువాడు ఆటను ఎఱుగడు. మన పత్రికలలో, మన సభలలో ఆమె పేరు ఎన్ని మారులు విన్నామో మనలను మనమే ప్రశ్నించుకొందము.

ఇక ఎదుగుచున్న పిల్లలను అంచనా వేయు సంగతి. బాలుర ఎంపికలలో జరుగు మొదటి పొరపాటు వయస్సును ప్రతిభగా భ్రమించుట. పదునాలుగేండ్ల లోపువారి పోటీలో జనవరిలో పుట్టినవాడును డిసెంబరులో పుట్టినవాడును ఒకే గుంపున నిలుతురు. ఆ వయస్సున పదునొకండు నెలలనగా ఒక చేయెడు ఎత్తు, ఒక బుజమెడు బలము. పెద్దవాడు బంతిని గట్టిగా కొట్టును. సెలెక్టరు వాని పేరు వ్రాసికొనును. వానికి మంచి శిక్షకుడు, మంచి మైదానము, పాలు, గ్రుడ్లు లభించును. రెండేండ్లకు వాడు నిజముగనే మెఱుగగును. అప్పుడు "చూచితిరా, నేను నాడే చెప్పితిని" అని ఎంచినవాడు మీసము దువ్వును. చల్లిన నీరే పంటకు కారణమని ఎఱుగక, విత్తనమును పొగడుట వంటిది ఇది. పుట్టిన తేదీలు దిద్దు పాపము దీనికి తోడైనచో, నిజము చెప్పిన బాలుడే నష్టపోవును.

ఇది మా ఊహ కాదు. కెనడా దేశమున మంచు మీద ఆడు హాకీ యొకటి గలదు. దాని నియమములు వేఱు, ఆటగాండ్రను వెదకు తపన మాత్రము మనకంటె పదిరెట్లు. అచటి బాలుర జట్లకు జనవరి 1వ తేదీయే వయస్సు లెక్కకు సరిహద్దు. మనశ్శాస్త్రవేత్త రోజర్ బార్న్‌స్లీ 1980 దశకమున ఆ జట్ల పట్టికలు పరిశీలించి, ఏడాది మొదటి నెలలలో పుట్టినవారు చివరి నెలలలో పుట్టినవారికంటె మిక్కిలి యెక్కువగా నున్నారని చూపెను. ప్రతిభకు మాసములు తెలియవు, ఎంపికకే తెలియును.

ఆ ఉత్తర అమెరికా లీగున వేలము లేదు. యువకులను జట్లు వరుసగా ఎంచుకొను పద్ధతి గలదు. పిల్లలను చూచుటకే జీతములిచ్చి నియమించిన గూఢచారుల వంటి పరిశీలకులు ప్రతి జట్టునకు నుందురు. వారి చూపు ఎట్టిదో వినుడు. 1993లో అందఱికంటె మొదట ఎన్నుకోబడిన అలెగ్జాండర్ డేగ్ వారు ఆశించిన ఎత్తునకు ఏనాడును చేరలేదు. 1998లో రష్యా యువకుడు పావెల్ దత్సుక్ 171వ వాడుగా ఎన్నుకోబడెను. అంతకు ముందు అర్హుడై యున్నను ఎవరును పిలువలేదు. ఆతడు రెండు మారులు స్టాన్లీ కప్పు గెలిచిన జట్టున ప్రధానుడై, 2024లో ఆ ఆట యొక్క కీర్తిమందిరమున స్థానము పొందెను. వృత్తిగా ఇదే పని చేయువారు నూటడెబ్బది మందిని ముందు నిలిపి అట్టివానిని వెనుకకు త్రోసిరన్న, ఒక్క ఉదయము మైదానమునకు వచ్చి టీ త్రాగి పోవు మన పరీక్షకుల తీర్పు ఎంతటిది?

రెండవ పొరపాటు నేలను మరచుట. 1976 మాంట్రియల్ ఒలింపిక్కుల నాటినుండి హాకీ పచ్చిక విడిచి కృత్రిమ తివాచీ మీదికి పోయినది. ఆ యేట భారతము ఏడవ స్థానమునకు దిగజాఱినది. సుందర్‌గఢ్ పల్లెలలో పిల్లలు నేటికిని కంకర నేల మీద మొదటి కఱ్ఱ పట్టుదురు. కంకర మీద బంతి ఎటు ఎగురునో ముందుగా తెలియదు. కావున ఆ పిల్లలు బంతికి కొంచెము ఎడముగా నిలుతురు. తివాచీ మీద అదే అలవాటు తప్పుగా కనబడును. పరీక్షనాడు మొదటిసారి తివాచీ తొక్కిన ఆ బాలుడు రెండు బంతులు జారవిడుచును. "చేయి మెత్తన, పనికి రాడు" అని వ్రాయుదురు. రెండు నెలలు ఆ నేల మీద ఆడనిచ్చిన పిమ్మట చూడవలసినది ఆతని చేతిని కాదు, ఆ రెండు నెలలలో ఆ చేయి ఎంత నేర్చినదను సంగతిని.

అట్లు చూడ నోర్చిన చోట ఏమి జరిగినదో సౌనామారా గ్రామమే చెప్పును. ఆ ఊరివాడే దిలీప్ తిర్కీ. భారతము పక్షమున 412 ఆటలాడి, మూడు ఒలింపిక్కులు చూచి, 2022లో హాకీ ఇండియా అధ్యక్షుడైనాడు. ఆ ఊరివాడే అమిత్. 2004లో రూర్కెలా చెంతనున్న పాంపోష్ క్రీడా వసతిగృహమున చేరెను. 2013లో పెద్దల జట్టున ప్రవేశించి, పిమ్మట కొన్నేండ్లు చోటు కోల్పోయి, 2017లో మరల వచ్చెను. ఒలింపిక్ పతకము మెడ వేసికొనునాటికి ఆతనికి ఇరువదియెనిమిదేండ్లు. చోటు పోయిన నాడే "ఈతని కథ ముగిసినది" అని తేల్చినవారి మాట నిజమైనచో మనకు ఆ కవచము దొరకియుండెడిది కాదు.

మూడవ పొరపాటు మనకు మిక్కిలి బాధ కలిగించునది, అది భాష. కొన్నేండ్ల క్రిందట ఒక ఎంపికలో మన కుటుంబములలోని బాలుడొకడు నిలిచియుండగా మేము గట్టున నుంటిమి. ఇంట తెలుగు, బడిలో ఇంగ్లీషు నేర్చినవాడు. శిక్షకుడు తన భాషలో గడగడ ఆజ్ఞలిచ్చెను. బాలుడు అర్ధక్షణము ప్రక్కవానిని చూచి, వాడు చేసినది గ్రహించి చేసెను. ప్రతిమారును ఆ అర్ధక్షణము ఆలస్యము. కాగితము మీద "బుద్ధి చుఱుకు కాదు" అని వ్రాసిరి. మాకు కనబడినది దానికి విరుద్ధము: మాట తెలియకయే ఆట గ్రహించిన బాలుని బుద్ధి ఎంత చుఱుకైనదో! ఆ కాగితమును నమ్మి తండ్రి వానిని ఆటనుండి మానిపించెను. శిక్షకుని తప్పు సగమైన, మన తప్పు సగము. మనలో ఒక్కరైనను ముందుకు పోయి, "అయ్యా, వానికి మీ భాష ఇంకను పట్టుబడలేదు, మరల ఒకమారు చూడుడు" అని చెప్పలేదు. మేమును చెప్పలేదు.

పూణె సమీపమున ఖడ్కీలోని ఆయుధ కర్మాగారపు కార్మికుల ఇండ్ల నడుమ, మనవలెనే పరభాషా రాష్ట్రమున స్థిరపడిన ఒక తమిళ కుటుంబమున ధన్‌రాజ్ పిళ్ళై పెరిగెను. విఱిగిన కఱ్ఱలతో, ఎవరో పాఱవేసిన బంతులతో అన్నదమ్ములు ఆడుకొనిరి. బక్కపలుచని ఆ బాలుని కండలు చూచి ధర కట్టియుండిన, ఎంత పలికియుండును? ఆతడు నాలుగు ఒలింపిక్కులలో, నాలుగు ప్రపంచ కప్పులలో ఆడెను. ఇంటి భాష వేఱగుట ఆతనికి అడ్డు కాలేదు. ఏలయన ఆతనిని కొలిచినవారు మాటను గాక కాలిని చూచిరి.

మాపై రాగల ఆక్షేపణలు మేమెఱుగుదుము. "జట్టున చోట్లు పదునాఱు, ఎవరినో ఒకరిని వదలక తప్పదు గదా" అందురు. వదలుడు; కాని "ఈ యేటికి చోటు లేదు" అనుట వేఱు, "నీవు పనికిరావు" అనుట వేఱు. మొదటిది నిర్ణయము, రెండవది జోస్యము. నిర్ణయము చేయుట సెలెక్టరు ధర్మము. జోస్యము చెప్పుట కాదు. "అంకెలు పక్షపాతము లేనివి" అని మఱికొందఱందురు. అంకెలకు మేము శత్రువులము కాము. ఏమి లెక్కించుచున్నారని మాత్రమే అడుగుచున్నాము. బంతి పోగొట్టుకొన్న పిమ్మట ఎన్ని అడుగులు వెనుకకు పరుగెత్తెనో లెక్కింపుడు. తనకంటె మంచి చోట నున్నవానికి ఎన్ని మారులు బంతి ఇచ్చెనో లెక్కింపుడు. ఆట చివరి పది నిమిషములలో ఆతని నిర్ణయములను మొదటి పది నిమిషములవానితో పోల్చుడు. చెప్పిన తప్పును మఱునాడు మరల చేసెనా, మానెనా చూడుడు. ఇవి లెక్కకు లొంగని సంగతులు కావు. ఓపిక కోరు సంగతులు.

ఓపికకు తోడు వెడల్పు కావలెను. కొడగు ప్రాంతపు కొడవలను చూడుడు. 1997లో పాండండ కుట్టప్ప పూనికతో కరడ గ్రామమున అఱువది కుటుంబముల జట్లతో వారు హాకీ ఉత్సవము మొదలిడిరి. జట్టునకు పేరు ఇంటి పేరే. తాతయు, మనుమడును, కోడలును ఒకే జట్టున ఆడుదురు. 2024లో నాపోక్లున జరిగిన ఉత్సవమున 360 కుటుంబముల జట్లు పాల్గొన్నవి. అచట ఎవరిని ముందుగా ఏఱివేయరు, అందఱిచేత ఆడింతురు. అంత చిన్న సమాజము నుండి గోవింద, గణేశ్, సోమయ్య, సుబ్బయ్య వంటివారు వచ్చిరి. ఆ ఉత్సవము నేర్పు పాఠము పిల్లలను చక్కగా ఏఱుట కాదు, ఎవరిని పాఱవేయకుండుట. సంఖ్యలో మనము వారికంటె తక్కువ వారము కాము. ఇంటి పేర్లకు మనకును కొదువ లేదు.

2025 ఫిబ్రవరి 1వ తేదీన రూర్కెలా మైదానమున హైదరాబాదు పేరు ధరించిన జట్టు లీగు ఫైనలున బెంగాలుతో 3-4గా ఓడినపుడు మన ఇండ్లలో నిట్టూర్పులు వినబడినవి. ఆ అభిమానము మంచిదే. కాని పేరును ధనము పెట్టి జట్టుకు తగిలింపవచ్చును. నారుమడిని ధనముతో ఒక్క దినమున మొలిపింపలేము.

కావున మన సంఘములకు మా విన్నపములివి. వార్షికోత్సవములలో పిల్లల ఆటలకు బహుమతులిచ్చునపుడు, ఎక్కువ గోళ్ళు కొట్టినవానికి ఇచ్చు బహుమతికి సమానమైన బహుమతి గోలు కాచినవానికిని, వెనుక వరుసలో నిలిచినవానికిని ఇవ్వవలెను. గోల్‌కీపరు తొడుగులు ఒక మధ్యతరగతి తండ్రి కొనగలిగినవి కావు. సంఘము ఒక జత కొని ఉంచినచో, పిల్లలు ఒకరి తరువాత ఒకరు వాడుకొందురు. ఎంపికలు జరుగునాడు స్థానిక భాష బాగుగా వచ్చిన పెద్ద ఒకరు మన పిల్లల వెంట పోవలెను. సిఫారసు చేయుటకు కాదు, మాట అందించుటకు. తల్లిదండ్రులు ఒక్క ఎంపికలో పేరు రాలేదని బిడ్డను మానిపింపరాదు. మూడు ఋతువులైనను ఆడనిచ్చి, అప్పుడు ఆ బిడ్డనే అడుగవలెను. అప్పుడును రాణింపకున్న నేమి? మూడేండ్లు పదిమందితో కలిసి పరుగెత్తిన దేహము, ఓటమిని భరించ నేర్చిన మనస్సు ఇంటనే యుండును.

మేము పైన చెప్పిన బాలుడు నేడు యువకుడు. ఉద్యోగము చేసికొనుచున్నాడు, సుఖముగనే యున్నాడు. మైదానము ప్రక్కగా పోవునపుడు ఆగి చూడడని వాని తల్లి యొకనాడు మాతో ననినది. ఆతడు గొప్ప ఆటగాడు అయియుండునని మేము చెప్పము. చెప్పిన యెడల మేమును జోస్యులమే అగుదుము. ఏమగునో చూచుటకు మనమెవ్వరమును నిలువలేదని మాత్రమే చెప్పుచున్నాము. వేలము వేయువాని సుత్తి ఒక్క దెబ్బతో ధరను తేల్చును. విలువను తేల్చుటకు కాలము కావలెను. ఆ కాలమును మన పిల్లలకు ఇచ్చుట మన చేతిలోని పని.